సగం అడ్రస్‌తో నన్ను వెతికిన యోహాను అన్న

నిన్న డ్యూటీలో ఉండగా వదిన ఫోన్ చేసింది. "మీ అన్న లేడు సుగుణా" అన్నది.

ఏ అన్న అని అడిగాను.

నేను నర్సుని. ఇలాంటి మాట వేరేవాళ్లకు చెప్పడం నా పనిలో భాగమే. అయినా వదినతో రెండుసార్లు చెప్పించుకుంటే గానీ అర్థం కాలేదు.

యోహాను అన్న. సొంత అన్న కాదు, మా గల్లీ అన్న. క్లాస్ చెప్తూ కుర్చీలో కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు.

భివండిలో మా గల్లీవాళ్లకు ఆయన్ని పరిచయం చేయక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నా. మరమగ్గాల షెడ్ పక్క గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని పిల్లలకు నేర్పేవాడు. పక్కన మగ్గాలు మొదలైతే మానిటర్లు వణికేవి. ఆ చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ, చర్చిలో ప్రార్థన కూడా అరిచినట్టే చేసేవాడు.

ఆయన గురించి నా దగ్గర ఉన్నది ఒక్కటే కథ. అదీ ఆయన చేసిన తప్పు గురించి.

డయల్-అప్ నెట్ రోజులు. నర్సింగ్ ట్రైనింగ్ సెలక్షన్ లిస్టులు వెబ్‌సైట్లో పెట్టారు. పేజీ నిండా లింకులే, ఒక్కో లింకులో ఒక్కో లిస్టు. ఒక్కటి తెరుచుకునేసరికి ప్రాణం పోయేది.

అన్న పది లైన్ల స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రాం, రాశాడు. అది పేజీలోని లింకులన్నీ ఏరి ఒక ఫైల్లో పెట్టి, ఒక్కో లిస్టూ తనే దించుకుంటుంది. "నువ్వు ఛాయ్ తాగి రాపో, అన్నీ గదే తెస్తది" అన్నాడు, మహా గర్వంగా.

అన్నీ చూశాం. నా పేరు లేదు.

మర్నాటి నుంచే మాన్కోలిలో ఒక గోదాంలో డబ్బాలకు లేబుళ్లు అంటించే పనికి వెళ్లాను. నర్సింగ్ మాట ఇక ఎత్తకూడదనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం అన్న గోదాం గేటు దగ్గర కనపడ్డాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది.

"సుగుణా, తప్పు నాది. నీ పేరున్నది. రేపే ఆఖరి తారీఖు, సర్టిఫికెట్లు తీస్కొని పోవాలె."

అందరి ముందే అరిచాను. "నిన్నగాక మొన్న లేదంటివి గదన్నా, ఇదేంది?"

ఆయన నిలబడి అంతా విన్నాడు. తర్వాత చెప్పాడు. ఆ పేజీలో కొన్ని లింకులకు పూర్తి అడ్రస్ ఉంది. కొన్నిటికి ఉత్త ఫైల్ పేరే ఉంది. అదే సైట్లో ఉన్నవి కాబట్టి బ్రౌజర్‌కు అది చాలు. స్క్రిప్ట్ మాత్రం వాటిని చెత్త అనుకుని వదిలేసింది. ఆ రోజు ఇంకో అమ్మాయి కోసం అదే పేజీలో లింకులు చేత్తో క్లిక్ చేస్తుంటే, తన ఫైల్లో లేని లిస్టు ఒకటి తెరుచుకుంది. అందులో నేనున్నాను.

"గోదాం ఎట్ల దొరికింది?" అని అడిగాను.

"మాన్కోలి, నీలం గేటు. మీ అమ్మకు గంతే తెల్సు. అంజూర్ ఫాటా నుంచి నీలం గేట్లన్నీ అడుక్కుంట వచ్చిన. సగం అడ్రస్ చాలని నాకు తెల్సు గదా. గా కంప్యూటర్‌కు చెప్పుడే మర్చిన."

మర్నాడు నా సర్టిఫికెట్ల సంచి ఆయనే మోసుకుని తోడొచ్చాడు. దారంతా నేను ముఖం ముడుచుకునే ఉన్నాను.

తర్వాత స్క్రిప్ట్‌కు ఒక లైన్ కలిపాడు. సగం అడ్రస్ కనపడితే, దాని ముందు ఆ సైట్ అడ్రస్ అతికించే లైన్. ప్రతి కొత్త బ్యాచ్‌కూ మొదటి రోజు అదే చెప్పేవాడట, తన తప్పుతో సహా. నేను ఎప్పుడు వెళ్లినా "గీ పిల్లనే నా స్క్రిప్ట్ మింగింది" అని పరిచయం చేసేవాడు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ మాట మళ్లీ ఒక్కసారి వినాలని ఉంది.

ఆ రోజు అరిచినందుకు నేనెప్పుడూ సారీ చెప్పలేదు. ఆయన గుర్తు పెట్టుకోలేదు. నేను పెట్టుకున్నాను.

ఈ రోజు మట్టి చేశారు, నేను అందలేకపోయాను. సమాధి ఎక్కడని వదినను అడిగాను. "గేటు లోపటికొచ్చి ఎడమకు, నీళ్ల నల్లా దాటినంక మూడోది" అన్నది.

ఈ అడ్రస్ చాలన్నా, వెతుక్కుంటూ వస్తున్నాను. మగ్గాల చప్పుడు లేని చోట నెమ్మదిగా నిద్రపో.