పెన్సిల్‌తో పేరు రాసే మనిషి

ఆరో నవలలో నా ఇన్‌స్పెక్టర్‌కి దయ్యం కనిపించినప్పటి నుంచీ తిట్లు తింటున్నాను. ఐదు నవలల పాటు వేలిముద్రలతో హంతకుణ్ణి పట్టుకున్నవాడు ఇప్పుడు చచ్చినవాళ్ల సాక్ష్యం తీసుకోవడమేమిటని ఉత్తరాల మీద ఉత్తరాలు.

ఈ సాయంత్రం అబిడ్స్‌లో బస్సు దిగి, నాంపల్లిలో అద్దె పుస్తకాల షాపు నడిపే యాదగిరి దగ్గరికి నడిచాను. కొత్త నవల ఎలా పోతోందని భయపడుతూనే అడిగాను.

"అందరు తిడుతున్రు సార్. మంచిగ ఖూనీలు రాసుకుంట రాసుకుంట, నడుమ గీ దయ్యమేందని."

"మరి చదవడం మానేశారా?"

"ఏడ మానిన్రు? తిట్టినోళ్లే తర్వాతది ఎప్పుడొస్తదని అడుగుతున్రు."

ఆ షాపులో నాకో శత్రువు ఉన్నాడు. ఎవరో తెలియదు. నా ప్రతి నవల మొదటి పేజీలోనూ హంతకుడి పేరు పెన్సిల్‌తో రాసి పోతాడు. ఈసారీ రాసే ఉంటాడని విసుగ్గానే పుస్తకం తెరిచాను. అదే చేతిరాత, కానీ పేరుకు బదులు ఈ మాటలు:

"చెప్పను. చదువుకోండి."

బస్సెక్కాక కూడా నవ్వు ఆగలేదు. ఏడో నవలలోనూ దయ్యం ఉంటుంది. తిట్టదలచినవాళ్లు కింద కామెంట్లలో తిట్టండి. ఆ పెన్సిల్ మనిషి మీలో ఉంటే మాత్రం, ఇన్నాళ్లూ నా హంతకులందరి పేర్లూ బయటపెట్టినందుకు, ఒక్కసారి తన పేరు కూడా చెప్పాలి.