గొట్టం కెమెరాతో తీసిన పెళ్ళి

వీడియో కెమెరా భుజానికెత్తుకున్నవాడికి ఎస్సైగారికిచ్చినంత దారి ఇచ్చే రోజులవి. పెళ్ళి పందిట్లో అడుగుపెట్టగానే "ఏవండీ, కాస్త తప్పుకోండి, వీడియో అబ్బాయి వస్తున్నాడు" అని ఎవరో ఒకరు అనేవారు, జనం అటూ ఇటూ జరిగేవారు, ఆ మధ్యలోంచి నేను నడిచేవాణ్ణి. ఇరవయ్యొక్కేళ్ళ వయసులో అంత వైభవం మనిషికి మంచిది కాదు. డిగ్రీలో రెండు సబ్జెక్టులు మిగిలిపోయి (ఇప్పటికీ అక్కడే ఉన్నాయి) ఏలూరులో ఒక ఫొటో స్టూడియోలో పనికి కుదిరాను. స్టూడియో యజమానిని అందరూ మాస్టారు అనేవారు. ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు, గొంతు పెంచకుండా తిట్టగలరు కాబట్టి ఆ పేరు వచ్చిందని నా అనుమానం. ఆయన నాకు నేర్పిన సూత్రం ఒక్కటే: అందరూ పడాలి. ఆయన లెక్కలో పెళ్ళి వీడియో అంటే ఎవరెవరు వచ్చారో చెప్పే సాక్ష్యం. అందులోనూ భోజనాల బంతి మరీ ముఖ్యం. నోట్లో ముద్ద ఉన్నా సరే, వరసలో ప్రతి మొహాన్నీ ఈ చివర నుంచి ఆ చివరదాకా తీసుకెళ్ళాలి. ఒక్క మొహం జారిపోయినా ఆ ఇంటివాళ్ళు ఏడాది తర్వాత కూడా స్టూడియోకొచ్చి, మేం పెళ్ళికి రాలేదనుకున్నారాండీ అని మెత్తగా అడిగి వెళ్ళేవారు.

నాకేమో సినిమా కెమెరామేన్ అయిపోవాలని ఉండేది. సినిమాలో హీరోయిన్ మొహం ఒక్కటే స్పష్టంగా ఉండి, ఆమె వెనక లోకమంతా మెత్తగా కరిగిపోయి ఉంటుంది చూడండి, అది కావాలి నాకు. మా స్టూడియో కెమెరాలో పెళ్ళికూతురూ, ఆమె వెనక పెదనాన్నా, ఆయన వెనక గోడ మీద క్యాలెండరూ, అందులో తారీఖులూ అన్నీ ఒకే తీరుగా కనిపించేవి. ఆ రోజుల్లో తాడేపల్లిగూడెంలో మా బావ, అంటే మేనత్త కొడుకు, ఇంజినీరింగ్ చదువుతుండేవాడు. కాలేజీ కంప్యూటరులో చూసి నాకో సంగతి చెప్పాడు. దేశంకాని దేశాల్లో నాలాంటి కుర్రాళ్ళు గొట్టాలూ అద్దాలూ అతికించుకుని ఇంట్లోనే సినిమా మసక తెప్పిస్తున్నారట. పాత స్టిల్ కెమెరా లెన్సు ముందు పెట్టాలి, దాని వెనక ఒక గరుకు అద్దం పెట్టాలి. లెన్సు ఆ అద్దం మీద బొమ్మ వేస్తుంది, మన వీడియో కెమెరా వెనక నుంచి ఆ బొమ్మని తీసుకుంటుంది. అంతే సంగతి. బావ ఒక అట్టముక్క మీద గీసి కూడా చూపించాడు. అద్దం మీద పడే బొమ్మ తలకిందులుగా పడుతుందని మాత్రం చెప్పడం మరిచిపోయాడు.

మాది పెదపాడు. చేపల చెరువులకి నీళ్ళు తోడే ప్లాస్టిక్ గొట్టాల ముక్కలు ఏ గట్టు మీద చూసినా పడి ఉండేవి. ఒక మంచి ముక్క ఏరుకొచ్చి లోపల నల్లరంగు పూశాను. లెన్సు మా మేనత్త వాళ్ళింట్లో మూలపడిన కెమెరాది. అద్దం మాస్టారి కెమెరాకి బిగించే పాత ఫిల్టరుది (అడిగితే ఇచ్చేవారే, నేనే అడగలేదు). దాన్ని గరుకు చెయ్యడానికి ట్రాక్టరు మెకానిక్ దగ్గర వాల్వులు రుద్దే పేస్టు తెచ్చి, వీధి అరుగు మీద కూర్చుని మూడు రోజులు రుద్దాను. మా అమ్మ వస్తూ పోతూ చూసి, ఆ ఓపికేదో కూరగిన్నెల మీద చూపిస్తే తళతళలాడేవి కదా అంది. గొట్టానికి లెన్సు బిగించే రింగు మాత్రం నా వల్ల కాలేదు. తాడేపల్లిగూడెంలో ఇనుము చెక్కే లేతు మిషను నడిపే సాయిబుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చాలా నెమ్మదస్తుడు. కొలతలన్నీ తీసుకుని, ఇది దేనికండీ అని అడిగారు. వెనకున్నవాళ్ళు మసగ్గా కనపడాలంటే ఇది కావాలండీ అని గర్వంగా చెప్పాను.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను కాసేపు చూశారు. "వాళ్ళు కనపడకపోతే మీకు కెమెరా ఎందుకండీ?" అన్నారు.

ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు. పాపం ఈయనకి కళ గురించి ఏం తెలుసులే అని లోపల జాలిపడి, రింగు పట్టుకుని బస్సెక్కాను.

ఇక్కడ మా కువైట్ పిన్ని గురించి చెప్పాలి. మా అమ్మకి చిన్నాన్న కూతురు, ఇల్లు మా వీధి చివర. నాలుగేళ్ళుగా కువైట్‌లో ఒకరింట్లో పని చేస్తుండేది. బాబాయి కొల్లేటికోట వైపు చేపల చెరువు మీద కాపలా ఉండేవాడు. మంచివాడే, కానీ మొహంలో ఏదీ కనపడనివ్వని మనిషి. వాళ్ళ పిల్లకి (నాకు చెల్లి వరస) సంబంధం కుదిరింది, మగపెళ్ళివారు తొందరపెట్టారు. ఆర్నెల్లు ఆగమను, నాకు సెలవు దొరుకుతుంది అని పిన్ని ఫోనులో బతిమాలింది. బాబాయి వాళ్ళ మాట కాదనలేక, పిన్నికి మాటైనా చెప్పకుండా తారీఖు ఒప్పేసుకున్నాడు. ఆ రోజు నుంచి పిన్ని పిల్లతోనే మాట్లాడేది. బాబాయి ఫోను అందుకుంటే పెట్టేసేది. పెళ్ళికి వారం ముందు మా ఇంటికి ఫోను చేసి నన్ను పిలిపించింది.

"నాన్నా, నువ్వే తీస్తున్నావంట గదా. అందరూ కనపడాలి. పిల్ల మెళ్ళో తాళి పడేటప్పుడు మీ బాబాయి మొహం నాకు కనపడాలి. నేను లేకుండా చేసేస్తన్నాడు గదా, ఆ మనిషికి లోపల ఏమైనా ఉందో లేదో చూసుకుంటాను."

అలాగే పిన్నీ, నువ్వేం దిగులుపడకు, సినిమాలా తీస్తాను అన్నాను. సినిమాలా అన్న మాట ఆవిడకి ఎలా వినపడిందో గానీ, సంతోషంగానే ఫోను పెట్టేసింది.

పెళ్ళి రోజున మాస్టారికి ఏలూరులో ఇంకో పెద్ద పెళ్ళి ఉంది. మీవాళ్ళదే కదా, నువ్వొక్కడివే వెళ్ళిరా, అందరూ పడాలి అని చెప్పి రెండో కెమెరా ఇచ్చి పంపారు. నా గొట్టం సంచి అడుగున ఉన్న సంగతి ఆయనకి తెలీదు. మా ఊరి చర్చిలో దాన్ని బిగించి భుజానికెత్తుకోగానే, బోరింగు బాగుచెయ్యడానికొచ్చావా బాబూ అని ఒక పెద్దాయన మర్యాదగా అడిగారు. కంటికి ఆనించి చూస్తే పాస్టరుగారు కప్పుకి వేలాడుతూ ప్రార్థన చేస్తున్నారు. సంఘమంతా ఫ్యాన్లతోపాటు తలకిందులుగా కళ్ళు మూసుకుని ఉంది. కుడికి తిప్పితే బొమ్మ ఎడమకి పోతోంది. ఆ గొట్టం వెలుతురు మింగేస్తుంది కాబట్టి, పెట్టిన లైటు చాలక పెళ్ళికూతురు మొహానికి జానెడు దూరంలో ఇంకో లైటు పెట్టించాను, ఆ పిల్ల చెమటకి పౌడరంతా కారిపోయింది. స్పష్టంగా కనపడే మేర మూడు వేళ్ళ మందం కూడా లేదు. చెల్లి ఊపిరి పీలిస్తే ముక్కు, వదిలితే చెవి పోగు. అయినా ఆ ముక్కు ఎంత అందంగా వచ్చిందంటే నాకు ఒళ్ళు పులకరించింది. తాళి పడింది, ఉంగరాలు మార్చుకున్నారు, అందరూ చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే ఆ పావుగంటలో బాబాయి అనే మనిషి ఒకడున్నాడన్నదే నాకు గుర్తులేదు.

భోజనాల దగ్గర ఇంకా ఘోరం. అరవైమంది బంతిలో కూర్చున్నారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, మొదటి విస్తట్లో ఉన్న చేపముక్క మీద లెన్సు నిలిపాను. ఆ ముక్క మీద కారం, దాని మీద నూనె మెరుపు, కరివేపాకు ఈనెలతో సహా అద్భుతంగా పడ్డాయి. దాని వెనక మా చుట్టాలు అరవైమందీ రంగురంగుల పొగైపోయారు. కెమెరా తమ వైపు ఉంది కదా అని పాపం ఒక్కొక్కరూ పైట సర్దుకుని, మీసం తుడుచుకుని నవ్వారు. ఆ నవ్వులు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉన్నాయి, క్యాసెట్‌లో మాత్రం లేవు.

మర్నాడు స్టూడియోలో మాస్టారు క్యాసెట్ పెట్టారు. చర్చి తలకిందులుగా కనపడగానే ఆయన లేచి, నన్ను రెండో వైపు పట్టుకోమని, టీవీనే తిరగేసి బల్ల మీద బోర్లించారు. (కంప్యూటరులో తిప్పొచ్చని నేను చెప్పబోయాను, ధైర్యం చాలలేదు.) అద్దం మీద అంటుకున్న నలుసు ఒకటి పుట్టుమచ్చలా పెళ్ళికూతురి చెంప మీద నుంచి పాస్టరుగారి నుదుటి మీదికి, అక్కణ్ణుంచి చేపముక్క మీదికి వెళ్ళింది. మొత్తం చూశాక, పెళ్ళికూతురి ముక్కు బాగా వచ్చింది అన్నారు. తర్వాత పెళ్ళికూతురి నాన్న ఏడీ అని అడిగారు. ఇద్దరం వెతికాం. ఎక్కడా లేడు. చర్చి పక్క తలుపు దగ్గర మంచినీళ్ళకని బాబాయే చెరువు మీద నుంచి తెచ్చిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి, దాని మూత మీద ఎవరో వేసిన తెల్ల తువ్వాలు, అవి రెండే చెల్లి వెనక నీలంగా తెల్లగా కనపడుతున్నాయి. చివర్లో ఇద్దరు మనుషులొచ్చి ఆ డ్రమ్ముని దొర్లించుకుపోవడం అసహ్యంగా ఉందని ఆ ముక్క కోసేశాను. మాస్టారు నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిడితే ఆ రోజుతో పోయేది. "మీ పిన్ని ఏం అడిగిందో నీకు తెలుసు. పంపేముందు నువ్వే ఫోను చేసి చెప్పు" అన్నారంతే.

చేశాను. కానీ చెప్పలేదు. ఇది కొత్త పద్ధతి పిన్నీ, ఫారిన్‌లో అందరూ ఇలాగే తీస్తారు, అక్కడి పెద్ద టీవీల్లో వేస్తే బాగా తెలుస్తుంది అన్నాను. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఒంటరిగా ఉన్నా సరే నాకు చెవులు వేడెక్కుతాయి. బొమ్మని కంప్యూటరులో నిటారుగా తిప్పాక సీడీ వెళ్ళింది. పిన్ని నుంచి మాట రాలేదు. గొట్టాన్ని నేను తీసుకెళ్ళి ఏ గట్టు మీద దొరికిందో ఆ గట్టు మీదే పడేశాను. ఆ తర్వాత మాస్టారి దగ్గర బంతులు బుద్ధిగా, ఒక్క మొహం వదలకుండా తీశాను.

ఆర్నెల్లకి అనుకున్న సెలవు రెండేళ్ళకి దొరికి పిన్ని వచ్చింది. నేను వారం రోజులు వాళ్ళింటి వైపు వెళ్ళకుండా తప్పించుకున్నాను. ఆదివారం చర్చి అయ్యాక ఆవిడే పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. బాబాయి మంచం మీద కూర్చుని వల ముడివేస్తున్నాడు. పిన్ని సీడీ పెట్టి నా పక్కనే కూర్చుంది. శుక్రవారం శుక్రవారం సెలవునాడు మనూరివాళ్ళమంతా గదిలో కూర్చుని ఇదే చూసేవాళ్ళం నాన్నా అంది. ఆ పొగలో ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపించసాగింది. కుంటుతున్న గులాబీరంగు మా పెద్దమ్మ. చేతులూపుతున్న పసుపురంగు తన ఆడపడుచు, చేతులు ఆపి మాట్లాడడం ఆవిడకి రాదు. అరవైమందిలో యాభైమంది దాకా పట్టేసింది. నేను తల దించుకుని వింటున్నాను. తాళి ఘట్టం వచ్చింది. చెల్లి ముక్కు వెనక, తలుపు దగ్గర, నీలంగా నిలబడి ఉన్నదాని మీద పిన్ని వేలు ఆగింది.

"నేను పంపిన నీలం చొక్కా, భుజం మీద తువ్వాలు. చూశావా, ప్రార్థన మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా అక్కణ్ణుంచి అడుగు కదల్లేదు మీ బాబాయి. కూర్చోనన్నా కూర్చోలేదు. ఇది చూశాకే నాకు కోపం పోయింది నాన్నా. మొహం కనపడకపోతే ఏం, మనిషి నిలబడ్డ తీరులో తెలుస్తాది గదా."

బాబాయి చేతిలో వల ఆగిపోయింది. అతను నన్ను చూశాడు, నేను అతన్ని చూశాను. "అవును పిన్నీ, బాబాయే" అన్నాను. పిన్ని కళ్ళు తుడుచుకుని, టీ పెడతానని లోపలికి వెళ్ళింది.

తర్వాత బాబాయి వల వైపు చూస్తూ మెల్లగా అన్నాడు. "నేను వంటల షెడ్డు వెనక ఉన్నాను రా అప్పుడు. మీ పిన్ని లేకుండా అది చూడలేకపోయాను. లోపలే ఉంటే పదిమందిలో ఏడ్చేద్దును."

నేను కెమెరా తీసుకుని వెళ్ళవలసింది ఆ షెడ్డు వెనక్కి. పిన్ని చూస్తానని అడిగిన మొహం అక్కడ ఉంది. నేనేమో పెళ్ళికూతురి ముక్కూ, చేపముక్క మీద నూనె మెరుపూ తీశాను. ఈ సంగతి ఆవిడకి చెప్పేయమని బాబాయితో ఒకసారి అన్నాను కూడా. ఇప్పుడెందుకులే, ఆవిడ దానితోనే సర్దుకుంది అన్నాడు.

ఇప్పుడు నాకు ఏలూరులోనే చిన్న స్టూడియో ఉంది. మా అమ్మాయి సెల్‌ఫోన్‌లో ఒక మీట నొక్కితే వెనకదంతా దానంతటదే మసకైపోతుంది, గొట్టమూ అక్కర్లేదు, రుద్దుడూ అక్కర్లేదు. అది ఫొటో చూపించి ఎలా ఉంది నాన్నా అంటే, బాగుందమ్మా, వెనక ఎవరున్నారు అని అడుగుతాను. అది విసుక్కుంటుంది. లేతు సాయిబుగారు నన్ను చూసిన చూపు నాకప్పుడు గుర్తొస్తుంది, సినిమా కెమెరామేన్ కావాలనుకున్న ఆ ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడి మీద కోపమూ వస్తుంది, కొంచెం నవ్వూ వస్తుంది. పెదపాడు వెళ్ళినప్పుడల్లా పిన్ని వాళ్ళింటికి వెళ్తాను. ఆ నీలం డ్రమ్ము ఇంకా వాళ్ళ దొడ్లోనే, కుళాయి కింద ఉంది. ఎండకి రంగు వెలిసింది. పిన్ని టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే, బాబాయి చూస్తుండగా, దాని దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ జోడించి వందనం పెట్టి వస్తాను.