గ్రీజులో ఇసుక

1998. పుంగనూరులో ఒక వేరుశెనగ మిల్లు. నేను మదనపల్లెలో ఉంటూ చుట్టుపక్కల మిల్లుల్లో యంత్రాలు రిపేరు చేసేవాణ్ణి. ఆ మిల్లులో కాయలు ఒలిచే యంత్రానికి బేరింగులు నిలవడం లేదు. కొత్తది వేసిన కొన్నాళ్లకే యంత్రం మొత్తం అదిరిపోయేది.

నేను వెళ్లేసరికే యజమాని రెడ్డెప్ప, నాకు ముందు నుంచీ తెలిసిన ఆపరేటర్ ఖాదర్‌ను పనిలోంచి తీసేశాడు. "కొత్త బేరింగు అమ్ముకోని పాతది ఏస్తాండాడప్పా. అందురి ముందర దొంగ అని చెప్పే పంపించినా," అన్నాడు.

పాడైన బేరింగు విప్పాను. అది కొత్తదే. గ్రీజు వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడింది. ఇసుక, కాయల దుమ్ము. బేరింగులో ఇనుప బాల్స్ దొర్లే గాడిని రేస్ అంటారు. అది అద్దంలా నున్నగా ఉండాలి. ఇసుక రేణువు బాల్ కింద నలిగితే రేస్‌కు సన్నటి గుంట పడుతుంది. బాల్ ఆ గుంట దాటినప్పుడల్లా తట్టుకుని వైబ్రేషన్, అంటే అదురు, పుడుతుంది. అరిగిన ఇనుపరజను మళ్లీ గ్రీజులోనే కలిసి అరుగుదలను ఇంకా పెంచుతుంది.

"గ్రీజు యాడ పెడతారన్నా?"

వరండాలో మూతలేని డబ్బా చూపించాడు. ఎదురుగా లారీల నుంచి కాయలు దించి తూర్పారబడుతున్నారు.

"ముందు స్టోరులో ఉండేది. ఖాదరు ఇంటికి ఎత్తుకపోతాడేమోనని నేనే నా కండ్ల ముందర పెట్టించినా."

"బేరింగులు పోతాండేది అప్పటి నుంచేనా?"

రెడ్డెప్ప నన్ను ఆఫీసు గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు. "ఈ మాట ఈడనే ఉండనీప్పా. పనోళ్లకు తెలిస్తే నాకేం మర్యాద ఉంటాది?"

"మరి ఖాదరు?"

"పోయినోడు పోయినాడు. వాని సంగతి నీకు యాల?"

డబ్బా మాత్రం ఆ పూటే లోపలికి పోయింది. బేరింగులు నిలిచాయి.

తరువాతెప్పుడో కుప్పంలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో ఖాదర్ కనిపించాడు. రాళ్లు మోస్తున్నాడు. దొంగ అన్న మాట అక్కడిదాకా వచ్చిందట, ఎవరూ మిషన్ మీద చెయ్యి వేయనివ్వలేదు. సంతోషిస్తాడనుకుని గ్రీజు సంగతి చెప్పాను.

"రెడ్డెప్పకు తెలుసునా అన్నా?"

"తెలుసు."

"ఆయప్పకు తెలీదనుకోనే ఇన్నాళ్లూ ఓర్సుకున్నా," అని రాళ్ల వైపు వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి ఏ మిల్లులోనైనా బేరింగును యంత్రం దగ్గరే, పనివాళ్లందరూ చూస్తుండగా విప్పుతాను. కారణం అక్కడే గట్టిగా చెబుతాను. కొందరు యజమానులు నన్ను పిలవడం మానేశారు. ఖాదర్‌కు మాత్రం దీనివల్ల ఒరిగిందేమీ లేదు.