మూడో చుట్టులో ఆగిపోయే కారు

ఆ రోజుల్లో మా అద్దంకిలో కంప్యూటరున్న గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లేవాళ్లం. ఎందుకని ఎవరూ అడగలేదు. దానికి దుమ్ము పడదని ఒకరనేవారు, చల్లగా ఉండాలని ఇంకొకరనేవారు, ఖరీదైన వస్తువు కదా కాస్త మర్యాద చేస్తే పోయేదేముందని మా అమ్మ అనేది. ఇప్పటి పిల్లలు వెల్లకిలా పడుకుని దాన్ని పొట్ట మీద పెట్టుకుని టకటకలాడిస్తుంటే నవ్వొస్తుంది గాని, మా కాలంలో దాని ముందు కాళ్లు చాపుకుని కూర్చున్నా తప్పే. అలాంటి కాలంలో, డిగ్రీ పరీక్షలు రాసేసి ఇంట్లో కూర్చున్న నేను, ఒక కంప్యూటర్ని నా చేత్తో నేనే తయారు చేశాను. అదీ ఉద్యోగానికో చదువుకో కాదు, ఆటలాడుకోవడానికి. ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నా మెడ కాస్త నిటారుగా లేస్తుంది, ఏమనుకోకండి.

తయారు చేయడమంటే విడిభాగాలు గుంటూరులో కొని తెచ్చి బిగించడం. తోడొచ్చినవాడు మా బావ. (మేనత్త కొడుకు, మా ఎదురిల్లే. తర్వాత ఎవర్ని చేసుకున్నాడన్నది ఇక్కడ అనవసరం, నన్ను మాత్రం కాదు.) అప్పటి మానిటర్లు పెద్ద గుమ్మడికాయ బరువుండేవి. దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చిన మా బావ, అద్దంకిలో దిగేసరికి తొడలు తిమ్మిరెక్కి బస్టాండులోనే చతికిలబడ్డాడు. నేను మదర్‌బోర్డును మా ఇంటి నుంచి తీసుకెళ్లిన మెత్తటి దూదిలో పొదిగి, పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చాను. (దూది రాపిడికి పుట్టే కరెంటుకి బోర్డు కాలిపోతుందని, ఇది విన్నప్పుడల్లా ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు గుండెలు పట్టుకుంటారు.) బిగించి స్విచ్చి వేస్తే తెర వెలిగింది. మా బావ ఈల వేశాడు. ఆ రోజు నుంచి వాడికి నేను ఇంజినీరమ్మని.

మా ఇంట్లో దూదికి కరువేముంది! మా నాన్నది పరుపుల కొట్టు. ముందు గదిలో కొట్టు, పక్క పాకలో దూది ఏకే మిషను, వెనక మేము. చుట్టూ పత్తి పండే ఊళ్లు, పెళ్లిళ్ల రోజులొస్తే మిషనుకి క్షణం తీరిక ఉండేది కాదు. దూది నుసి టీలో తేలేది, కనురెప్పల మీద వాలేది, జుమ్మా నమాజుకి వెళ్లబోతూ నాన్న టోపీ పదిసార్లు దులుపుకునేవాడు. అందుకని మా ఇంట్లో గలేబు లేని వస్తువు ఉండేది కాదు. టీవీకి గలేబు, మిక్సీకి గలేబు, కుట్టుమిషనుకి గలేబు, ఆఖరికి గ్యాసు బండకి కూడా కుచ్చుల గలేబు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, కంప్యూటర్ డబ్బాని ఒంటి మీద గుడ్డ లేకుండా వదులుతానా? కొలతలు తీసుకుని, పరుపుకి వేసే మందపాటి గుడ్డతో దానికి అతికినట్టు ఒక గలేబు కుట్టాను. వెనక ఫ్యాను తిరిగేచోట, పక్కన చిల్లులున్నచోట నుసి దూరకుండా లోపల ఇంకో పొర వేశాను. వైర్లు బయటికి రావడానికి చొక్కాకి కుట్టినట్టు కాజాలు కుట్టాను. అమ్మ దాని మీద మల్లెపూలు కుట్టి, ముడి వేయడానికి నాడాలు పెట్టింది. ఊళ్లో అంత పరువైన కంప్యూటర్ ఇంకోటి ఉండేది కాదని నా నమ్మకం.

మేము ఆడే ఆట కారు పందెం. నాలుగు చుట్లు తిరగాలి. మొదటి చుట్టు బ్రహ్మాండం, రెండో చుట్టు అంతకన్నా బ్రహ్మాండం. మూడో చుట్టులో మలుపు తిరుగుతూ తిరుగుతూ కారు ఉన్నపళంగా నిలబడిపోయేది. రోడ్డు ఆగిపోయేది, పక్కన చెట్లు ఆగిపోయేవి, ఇంజను చప్పుడు మాత్రం 'డ్రర్ర్ర్' అని ఒకే ముక్కని పట్టుకుని సాగదీసేది. మీటలు నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. ఒక్కోసారి నీలం తెర వచ్చి దాని నిండా ఇంగ్లీషు కనపడేది. మా బావ కుర్చీలోంచి లేచి నామీద పడేవాడు. "నేను ఫస్టు వస్తన్నానని ఓర్వలేక ఆపేశావు గదే?" అని. "నువ్వు ఫస్టు రావడమేంది, నీ ముందు మూడు కార్లుంటే!" అని నేను. అక్కడినుంచి మా ఇద్దరి గొంతులు దూది మిషను చప్పుడుని మించిపోయేవి.

నాకు ఆ రోజుల్లో ఒక గొప్ప గుణం ఉండేది. ఏది పాడైనా కారణం నాకు వెంటనే తెలిసిపోయేది. చూడక్కర్లేదు, ఆలోచించక్కర్లేదు, నోరు తెరిస్తే చాలు కారణం దానంతటదే వచ్చేది. "ర్యామ్!" అన్నాను మొదటిసారి. నాడాలు విప్పి, గలేబు తీసి, డబ్బా పక్క రేకు ఊడదీసి, ర్యామ్ బయటికి లాగి, దాని బంగారు రంగు అంచుని పెన్సిలు రబ్బరుతో తళతళలాడేలా రుద్దాను. మళ్లీ పెట్టి, రేకు తెరిచే ఉంచి ఆట వేస్తే నాలుగు చుట్లూ గిర్రున తిరిగింది. "చూశావా!" అన్నాను. అమ్మ అందరికీ టీ ఇచ్చింది. రేకు బిగించి, గలేబు తొడిగి, నాడాలు ముడివేసి, మర్నాడు ఆట మొదలుపెడితే మూడో చుట్టులో డ్రర్ర్ర్.

"ఎర్తింగు!" అన్నాను రెండోసారి. గోడ వెంబడి గొయ్యి తవ్వించి, బొగ్గూ ఉప్పూ పోయించి, నాన్నని రోజూ బిందెడు నీళ్లు పొయ్యమన్నాను. పాపం, పోశాడు. దారినపోయే ఒకాయన, "ఏంది సాయిబూ, మునగ చెట్టా?" అని అడిగితే, "కాదయ్యా, మా అమ్మాయి కంప్యూటర్ని పెంచతా ఉంది" అన్నాడు. ఆ నీళ్లతో తేడా కనపడుతుందా అని మళ్లీ డబ్బా విప్పి చూశాను. నాలుగు చుట్లూ తిరిగింది. మళ్లీ టీ. మళ్లీ గలేబు. మళ్లీ డ్రర్ర్ర్. మూడోసారి "వైరస్!" అన్నాను. ఎప్పట్లాగే డబ్బా విప్పి పెట్టుకుని, మొత్తం తుడిచేసి అన్నీ కొత్తగా ఎక్కించాను. మా బావ అన్నాళ్లూ గెలిచి దాచుకున్న కార్లన్నీ అందులో కొట్టుకుపోయాయి. వాడు వారం పాటు మా గడప తొక్కలేదు. ఇంత జరుగుతున్నా లోపల ఏమన్నా నుసి పట్టిందేమోనన్న అనుమానం నాకు ఒక్కసారీ రాలేదు, ఎందుకంటే విప్పినప్పుడల్లా లోపల అద్దంలా ఉండేది. వచ్చినవాళ్లకి చూపించేదాన్ని కూడా. "దూది కొట్లో ఉండి కూడా ఒక్క పోగు లేదు చూడండి" అని.

ఆ వైరస్ వైద్యం చేసి, డబ్బా ఇంకా తెరిచే ఉండి, ఆట జోరుగా నడుస్తున్న మధ్యాహ్నమే నేను కంప్యూటర్ సెంటర్ సారు దగ్గరికి వెళ్లాను. ఆయన మా ఊళ్లో కొత్తగా సెంటర్ తెరిచారు. ఏ మిషను మూలిగినా గుంటూరు నుంచి మనిషి రావాలి, ఆ మనిషి వచ్చేలోగా నేర్చుకునే పిల్లల గొడవ. "ఆ పని నేను చేస్తాను సార్" అన్నాను. ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు. "ఆడపిల్లవి, స్క్రూడ్రైవర్ పట్టుకుంటావా?" అన్నారు. "పట్టుకోవడమేంటి సార్, మొత్తం కంప్యూటరే చేశాను" అన్నాను. "అయితే ఆదివారం మీ ఇంటికొస్తాను. నీ కంప్యూటర్ ఎట్టా నడుస్తందో చూస్తే నీ సంగతి నాకు తెలుస్తుంది" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే నాన్న చేతిలో సూది ఆపి విన్నాడు. "అమ్మాయ్, ఆయన పనిస్తానంటే నేను అడ్డం రాను. ఇవ్వనన్నాడో, సోమవారం నుంచి కొట్లో గల్లా దగ్గర కూర్చో. నాకూ మనిషి కావాలి గదా" అన్నాడు. న్యాయమే. పరుపులంటే నాకు ద్వేషం లేదు. కానీ ఆడే మిషను లోపల ఏం జరుగుతోందో చూసేటప్పుడు నాకు కలిగే సంతోషం ఇంక దేనిలోనూ ఉండేది కాదు, గల్లా పెట్టె మూత ఎంతసేపు తెరిచి మూసినా అది రాదు. ఆ సాయంత్రం రేకు బిగించి, గలేబు తొడిగి, ధీమాగా ఆట వేశాను. డ్రర్ర్ర్. జీవితంలో మొదటిసారి నోరు తెరిచాను గాని కారణం రాలేదు. నాకు నిజంగా భయం వేసింది.

ఆదివారం పొద్దున్నే అమ్మ, పెద్దమనిషి వస్తున్నాడని ఇంట్లో గలేబులన్నీ ఊడదీసి ఉతికి ఆరేసింది. కంప్యూటర్‌ది కూడా. సారు చెప్పులు బయట విడిచి, చాప మీద కాళ్లు తుడుచుకుని మరీ లోపలికొచ్చారు. మా బావ (అలక మాని వచ్చాడు, సారు ముందు ఆడే అవకాశం వదులుకుంటాడా) పందెం మొదలుపెట్టాడు. నేను మనసులో దువా చేస్తూ గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఒకటో చుట్టు, రెండు, మూడు, నాలుగు. ఆగలేదు! ఇంకో పందెం. ఆగలేదు. సారుకి చేతులు దురదపెట్టి, "ఏదీ, ఇట్టా ఇవ్వు" అని కీబోర్డు లాక్కున్నారు. ఆయన కారు రోడ్డు మీద కన్నా పక్క పొలాల్లో ఎక్కువ తిరిగింది. అయినా ఆయన ముఖం వెలిగిపోతోంది. "బాగా చేశావమ్మాయ్" అని కూడా అనేశారు. నా ఉద్యోగం దాదాపు నా చేతిలో ఉంది.

అప్పుడు వచ్చింది మా అమ్మ, ఆరిన గలేబు చేతిలో పట్టుకుని. "ఓసి నీ తెలివి సంతకెళ్లా! పెద్దాయన ముందు దాన్ని బట్టల్లేకుండా కూర్చోబెట్టావేందే!" అంటూ, పందెం సాగుతుండగానే గలేబు తొడిగి, నాడాలు గట్టిగా ముడివేసింది. సారు మల్లెపూలని మెచ్చుకున్నారు కూడా. ఇంకో పందెం మొదలైంది. మూడో చుట్టులో సారు కారు ఒక గడ్డివాము పక్కన ఆగిపోయింది. డ్రర్ర్ర్. నాన్న నేల చూపులు చూస్తున్నాడు. మా బావ మాత్రం నిజాయితీగా, "ఈసారి మా మరదలి తప్పేం లేదు సార్, మీరు ఆఖర్న ఉన్నారు" అన్నాడు.

నేను నోరు తెరిచాను, "సార్, ఇది ఎర్తింగు..." అనబోయాను. కానీ నా కళ్లు ఆ నాడాల ముడి మీద పడ్డాయి. పొద్దుట్నించీ ఆగనిది, అది వేశాక ఆగింది. విప్పినప్పుడల్లా నడిచింది, వేసినప్పుడల్లా ఆగింది! వెళ్లి గలేబు మీద చెయ్యి పెట్టాను. పెనం మీద పెట్టినట్టయింది. ముడి పీకి, గుడ్డ పైకి లాగేసరికి లోపలి వేడంతా నా ముఖానికి కొట్టింది. "దొరికింది!" అని అరిచాను. సారున్నారని గాని, ఉద్యోగమని గాని గుర్తులేదు. "దొరికింది నాన్నా! దీనికి గాలాడటం లేదు! నుసి పోకుండా కుట్టాననుకున్నాను, గాలి కూడా పోకుండా కుట్టాను!"

సారు లేచి, "సరేలే అమ్మాయ్, పోనీలే, నేనొస్తా" అన్నారు. నేను గుమ్మానికి అడ్డంగా వెళ్లి నిలబడ్డాను. "కూర్చోండి సార్. ఇప్పుడు నడిపి చూపిస్తాను. తర్వాత మళ్లీ ఆపి చూపిస్తాను." "ఆపడమెందుకు?" అన్నారాయన తెల్లబోయి. "ఎందుకు ఆగుతోందో తెలిసిందా లేదా అని తేలాలి గదా సార్!" గలేబు లేకుండా కాసేపు చల్లబరిచి వేశాను, నడిచింది. గలేబు తొడిగి వేశాను, మూడో చుట్టులో ఆగింది. తీశాను, నడిచింది. మళ్లీ తొడగబోతుంటే నాన్న, "చాలమ్మా, ఆయనకి అర్థమైంది" అన్నాడు. ఒక కంప్యూటర్ చచ్చిపోతుంటే గంతులేసిన మనిషిని సారు అంతకుముందు చూసి ఉండరు.

ఆయన కూర్చుని చల్లారిన టీ తాగారు. తర్వాత గొంతు తగ్గించి, "మా సెంటర్లో పిల్లలు ముట్టుకోకుండా డబ్బాలన్నిటికీ చెక్క పెట్టెలు చేయించి తాళాలు వేయించాను. మధ్యాహ్నమయ్యేసరికి అవి కూడా..." అని ఆగారు. "రంపం ఉందా సార్ మీ దగ్గర?" అన్నాను. "కొనిస్తా. రేపు పొద్దున వచ్చెయ్" అన్నారు. ఆయన వెళ్లాక నాన్న నేరుగా కొట్లోకి పోయి, వచ్చిన ప్రతివాడికీ, "రేపట్నుంచి మా అమ్మాయి డ్యూటీకి పోతంది" అని, అడిగినా అడక్కపోయినా చెప్పాడు.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు గుంటూరులో ఒక కాలేజీలో కంప్యూటర్లన్నీ నా కిందే ఉన్నాయి. ఎవరైనా ఫోన్ చేసి ఆగిపోయింది మేడమ్ అంటే, "చూసి చెప్తాను" అంటాను. చూసేదాకా నోరు విప్పను, విప్పాక తప్పు పోను. మేడమ్ చాలా నిదానం మనిషని అందరూ అంటారు. అది పొగడ్తేనని నాకూ తెలుసు. కానీ ఉద్యోగానికి వచ్చే పిల్లల్ని కూర్చోబెట్టి ప్రశ్నలడిగేటప్పుడు అప్పుడప్పుడు ఒక ఆలోచన వస్తుంది, ఆనాటి ఆ పిల్ల ఇవాళ నా ముందుకొస్తే తీసుకుంటానా అని. అన్ని తప్పులు అంత గట్టిగా చెప్పే పిల్లని ఎవరు తీసుకుంటారు? నేను తీసుకుంటాను. పని ఇంకెవరికైనా చెప్తాను గాని, దాన్ని మాత్రం నా గదిలోనే కూర్చోబెట్టుకుని రోజంతా మాట్లాడిస్తాను. అంత ధీమాగా ఎవరైనా మాట్లాడగా విని చాలా రోజులైంది.