ఆరు గుంటల ఆట

ఆదివారం పొద్దున తెనాలిలోని మా వాకిట్లో చారెడు నేల పేడతో అలికానంటే, ఆ పచ్చి వాసనకి వేమూరు దాటాక రేపల్లె దారిలో ఉండే మిషన్ కాంపౌండూ, అందులోని గోల్ఫు మైదానమూ గుర్తొస్తాయి. రేపల్లె పక్క గోల్ఫేంటని నవ్వేవాళ్లు నవ్వండి. నేను ఆడాను.

అరవైల చివర ఆ కాంపౌండులో ఉన్న జర్మనీ పాస్టరుగారిని అందరూ దొరగారనేవారు. వాళ్ల పల్లెలో, ఆవులు మేసే పచ్చికల మధ్య, ఆరే గుంటలున్న పొట్టి మైదానం ఉండేదట. గాలి చప్పుడూ ఆవుల మెడగంటలూ తప్ప అక్కడ ఇంకేం వినపడవట. ఆ బెంగతో ఇక్కడా ఆరు గుంటలు తవ్వించారు. పచ్చిక మొలవలేదు. ఎండలకి నల్లరేగడి బీటలు వారి, వాటిలో పడ్డ బంతి మళ్లీ కనపడేది కాదు. అప్పుడు మిషన్ బడిలో ఆయాగా చేసే మా అమ్మ, కళ్లం అలికినట్టు ప్రతి గుంట చుట్టూ పేడతో అలికింది. బంతి నున్నగా దొర్లింది. అలికాక చేయి ఊరుకోక ముగ్గు కూడా వేసింది. అదీ ఆటకి కావలసిందేననుకుని, ముగ్గు మీద పడ్డ బంతిని చేత్తో తీసి పక్కన పెట్టాలని దొరగారు నియమం పెట్టేశారు.

క్రిస్మస్ అరిసెలు అయిపోయిన దగ్గర్నుంచి తాటిముంజలు దిగేదాకా, ఎండిన చెమటతో, కాళ్లకి అంటుకున్న నల్లమట్టితో, మాకు అదే లోకం. దొరగారిచ్చిన పాత కర్రతో నాలుగో గుంట దగ్గర బోదె కాలవ అవతలికి ఒక్క దెబ్బలో బంతిని దాటించింది పిల్లలందరిలో నేనొక్కదాన్నే. గొప్పలు కాదు, నిజం.

పన్నెండో ఏట పెద్దమనిషినయ్యాను. ఆ వారమే సంఘం పెద్ద మా ఇంటికొచ్చాడు. ఆయనకీ ఆ ఆటంటే ప్రాణం.

"ఈడొచ్చిన పిల్ల చేతిలో కర్రేంటమ్మా? దొరగారికి ఇచ్చేయమను" అన్నాడు.

దొరగారు మంచివారే, కానీ పెద్దాయనకు ఎదురు చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. అమ్మ మాత్రం చేతులు కడుక్కుంటూ నెమ్మదిగా చెప్పింది.

"అలికేది నేనండి. నా పిల్ల ఆడకపోతే అలకనండి."

అన్నట్టే అలకలేదు. వారం తిరిగేసరికి గుంటల చుట్టూ పెచ్చులు లేచాయి. పెద్దాయన కొట్టిన ప్రతి బంతీ ఎటో పోయింది. తానే పేడ తెప్పించి ఎవరిచేతనో అలికిస్తే ఒక్క రోజుకే పగిలింది. పదో రోజు మా గుమ్మం ముందు నిలబడి, నా వైపు చూడకుండా, "రేపు పిల్లని తీసుకురామ్మా" అన్నాడు. మర్నాడు బోదె మీదుగా నేను కొట్టిన బంతి, అమ్మ కొత్తగా వేసిన ముగ్గు అంచున ఆగింది.

ఇప్పుడు ఆ కాంపౌండు ప్లాట్లయిపోయింది. బోదె మీద సిమెంటు రోడ్డు పడింది. తాడిచెట్లు లేవు, అమ్మా లేదు. కర్ర నా దగ్గరే ఉంది. ఇవాళా వాకిలి అలికి, చిన్న గుంట తీసి, బంతి పెట్టుకున్నాను.

పక్కింటి కోడలు మేడ మీంచి, "ఈ వయసులో ఆ కర్రేంటి మామ్మగారూ?" అంది.

"అలికింది నేనేనమ్మా" అని, బంతిని కొట్టాను.