మిరపతోటలో మధ్యాహ్నపు చట్టం

ఆ రోజుల్లో మా తిరువూరులో హిందీ పరీక్ష ప్యాసైన ఆడపిల్లంటే కలెక్టరు తర్వాత అంతటిది. నేను మూడోసారికి గట్టెక్కాను (ఈ సంగతి నాన్న ఎవరికీ చెప్పలేదు). విస్సన్నపేట సంతలో ఎడ్లు బేరమాడుతూ కూడా "మా అమ్మాయి ఢిల్లీవాళ్లతో సమానంగా మాట్లాడుద్ది" అనేవాడు. పిచ్చి నాన్న!

అప్పుడే కుర్రాళ్ల సంఘం ఒకటి చర్చి ఆవరణలో మూడు సాయంత్రాలు సినిమాలు వేసింది. పాటలూ ఫైట్లూ ఉన్నవి కాదు; కూలీల కష్టాలు, అంటరానితనం, పేదల హక్కులు చూపించే డాక్యుమెంటరీలు. మాటలన్నీ హిందీ. తెలుగులో చెప్పమని మైకు నా చేతికిచ్చారు. నాన్న ముందు వరసలో కుర్చీ వేయించుకున్నాడు. తెర మీద గొంతేమో మెయిలు బండిలా పోతోంది, నాకు అందింది 'హై' ఒక్కటే. జనమంతా నా నోటివంకే చూస్తున్నారు. ఇంతలో తెర మీద పొలం పనివాళ్లు, అందరూ ఆడవాళ్లే, చెట్టు కింద నడుం వాల్చి కనిపించారు. "పొలం పనిచేసే ఆడవాళ్లకు మధ్యాహ్నం గంటసేపు విశ్రాంతి ఇవ్వాలని చట్టం" అనేశాను. నాన్న వెనక్కి తిరిగి, "విన్నారా? చట్టం!" అని అందరికీ అప్పజెప్పాడు.

మర్నాడు నేను క్యారేజీ తీసుకుని మా మిరపతోటకి వెళ్లేసరికి, కోతకొచ్చిన ఆడవాళ్లంతా మామిడిచెట్ల కింద వరసగా పడుకుని ఉన్నారు. నాన్న మండిపడుతున్నాడు. "ఏంటిది మేస్త్రమ్మా?" (వాళ్ల ముఠా పెద్దని అందరం అలాగే పిలిచేవాళ్లం.) ఆవిడ లేచి కూర్చుని, "రాత్రి అమ్మాయిగారు మైకులో చెప్పారు గదండీ. మీరూ 'విన్నారా' అన్నారు. హిందీలో అట్టా లేదంటారా?" అంది.

నాన్న నావైపు చూశాడు. నా మొహం కోసిన కాయలకంటే ఎర్రబడి ఉంటుంది. నాన్న 'లేదు' అంటే వాళ్ల గంటా పోతుంది, నా హిందీ పరువూ పోతుంది. ఆయన తలగుడ్డ విప్పి, "ఎందుకు లేదూ? మా అమ్మాయి చెప్పిందంటే ఉన్నట్టే" అని, దాన్నే పరుచుకుని తనూ ఇంకో చెట్టు కింద పడుకున్నాడు.

ఇంటిదారిలో మాత్రం మెల్లగా, "ఇవాళ సినిమాలో కూడా చట్టాలుంటాయామ్మా? ఉంటే ముందు నాకో మాట చెప్పు" అన్నాడు. అంతే. అది నిజమా అని బతికున్నన్నాళ్లూ అడగలేదు. ఆ గంట విశ్రాంతి మా తోటలో ఏటా సాగింది.

తర్వాత ఏళ్ల తరబడి పిల్లలకు హిందీ చెప్పాను. ఇప్పుడెంత వేగంగా మాట్లాడినా అర్థమవుతుంది. మధ్యాహ్నం నడుం వాలిస్తే మాత్రం నిద్ర పట్టదు, నాన్న గుర్తొస్తాడు. ఈసారి ఒక్క ముక్కా కల్పించను నాన్నా, ఆ ముందు వరసలో కూర్చుని ఒక్కసారి వెనక్కి తిరిగి "విన్నారా?" అనవూ.