బెంజి కారు వెనక సీటు

నేను ఈ ఇంటికి కోడలిగా బెంజి కారులో వచ్చాను. అదే రోజు, అదే పెళ్లి నుంచి, మా అత్త అంజినమ్మ బస్సులో వచ్చింది. హారతి పట్టాల్సింది ఆమె. కాబట్టి కారు ముందుగా వచ్చినా ప్రయోజనం లేకపోయింది. బాగలూరు బస్సు వచ్చి, ఆమె దిగి, పెళ్లి సామాన్ల గంప చంకన పెట్టుకుని నడిచి వచ్చేదాకా నేనూ మా ఆయన శివరాజూ ఇంటి ముందు ఆ కారులోనే కూర్చున్నాం. ఎండ, పూలదండ, పట్టుచీర. వాటన్నిటి కింద నుంచి ఇంకేదో వాసన. ఎవరైనా గొర్రెను డిక్కీలో వేశారేమో అనుకున్నాను. అడిగితే మా ఆయన, “అది కారు వాసనే. అలవాటైపోతాది” అన్నాడు.

అలవాటైంది. ఈ ఇంట్లో నాకు అన్నీ అలవాటయ్యాయి.

కారు మా మామ సిద్దప్పది. మామ వాళ్లది గొర్రెలు కాసే వంశం. బాగలూరు దగ్గర పల్లె, కాస్త రాగి చేను, ఇంటి పక్కన రాళ్ల గోడ కట్టిన గొర్రెల దొడ్డి. ఎండాకాలం వస్తే ఆయన మందను తోలుకుని తళి దాకా పోయేవాడు. అక్కడి తోటల్లో రాత్రిపూట మంద పెడితే గొర్రెల ఎరువుకు నేల బలుస్తుంది, అందుకు తోటలవాళ్లు గింజలో డబ్బో ఇస్తారు. అలా ఏటా మంద పెట్టే తోటల్లో ఒకటి అనంతకుమార్ అనే ఆయనది. గులాబీలు వేసేవాడు. ఆయన షెడ్డులో వాళ్ల నాన్న కాలపు బెంజి కారొకటి టార్పాలిన్ కింద ఉండేది. మీగడ రంగు, ముందర ముక్కు మీద నక్షత్రం. మామ తోటకు చేరగానే కాళ్లు కడుక్కుని ముందు ఆ టార్పాలిన్ ఎత్తి చూసేవాడట. ఎందుకని అడిగితే ఆయనే చెప్పలేడు. కొందరికి సారా, కొందరికి పేకాట, మా మామకు ఆ కారు.

తొంభైల మొదట్లో మా చుట్టుపక్కల బీళ్లకు కంచెలు పడ్డాయి, ఫ్యాక్టరీలు లేచాయి. గొర్రె నోరు పెట్టడానికి చోటు లేకపోయింది. ఒక్కొక్కరే మందలు అమ్ముకున్నారు. కొందరు బోరు వేయించారు, కొందరు స్కూటర్ కొన్నారు, కొందరు మిద్దె కట్టారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మా మామ మందను ఇచ్చి కారు తెచ్చాడు. అనంతకుమార్ ఏదో సరదాకు, నీ మంద నాకిచ్చేయ్, ఈ కారు నువ్వు తీసుకో అన్నాడట. ఆయన నవ్వు ఆగేలోపే మామ సరేనని చేతిలో చెయ్యి వేసేశాడు.

గొర్రెల వాళ్లలో ఒక కట్టు ఉంది. మందను అమ్మొచ్చు, విత్తనం అమ్మకూడదు. ఎంత కష్టమొచ్చినా ఒక ఆడగొర్రెను వెనక్కి పట్టుకోవాలి. దొడ్డి ఊడ్చినట్టు ఇచ్చేస్తే ఆ ఇల్లు పాడుబడుతుందంటారు. మామకు ఇది తెలియక కాదు. అంత పెద్ద కారు తీసుకుంటూ ఒక గొర్రె తగ్గించి ఇస్తే చిన్నతనమని ఆయన లెక్క. మంద బయలుదేరే పొద్దున అత్త ఒక నల్లచెవుల గొర్రె చెవి పట్టుకుని నిలబడిందట. ఆమె పెళ్లికి కెలమంగలం పుట్టింటివాళ్లు తోలిచ్చిన గొర్రె సంతతి అది. ఆ మాటలు పక్కనే ఉండి విన్న మా ఆయన నాకు చెప్పాడు.

“ఇదొకటి ఉండనీ” అంది అత్త.

“మాట ఇచ్చేసినానే. మందకు మందే అని చెప్పినాను” అన్నాడు మామ.

అత్త చెవి వదిలేసింది. అంతే. ఏడవలేదు, తిట్టలేదు, పుట్టింటికి పోలేదు. తిట్టుంటే బాగుండేదని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

కారు వచ్చింది. మా వీధి ఎడ్లబండికే ఇరుకు. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు, అంత కారును పెట్టడానికి చోటు లేక ఖాళీ అయిన దొడ్డి గోడ ఒక పక్క కొట్టి అందులోనే పెట్టారు. ఎన్ని తరాల గొర్రెలు పడుకున్న నేలో అది. ఆ వాసన సీట్లలోకి ఎక్కి మరి దిగలేదు. మొదటి రోజు మామ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, వెనక తలుపు తెరిచి, ఎక్కు, కెలమంగలం పోయి మీ అమ్మకు చూపించి వద్దాం అన్నాడట. అత్త గుమ్మంలో నుంచే జవాబు చెప్పింది.

“నాకు బస్సు ఉండాదిలే.”

ఆ మాట నేను కూడా చాలాసార్లు విన్నాను. సంతకు, జాతరకు, చావుకు, పురుడుకు. మామ వెనక తలుపు తెరవడం, అత్త బస్సు ఉందని చెప్పడం. కోపంగా కూడా కాదు, కూరలో ఉప్పు చాలు అన్నంత మామూలుగా. మామకు ఆ కారు మీద ఉన్న ఆశ ఒకటే, అత్త ఒక్కసారి వెనక సీట్లో కూర్చోవడం. అది ఇంట్లో అందరికీ తెలుసు, అత్తకు ఇంకా బాగా తెలుసు.

సంతోషాలు లేవని కాదు. మాదప్ప అనే ట్రాక్టర్ డ్రైవర్ దగ్గర మామ బండి నేర్చుకున్నాడు. పెళ్లిళ్ల కాలంలో హోసూరు, డెంకణికోట, కృష్ణగిరి దాకా మా కారుకు పిలుపులొచ్చేవి. తెల్లచొక్కా వేసుకుని, తలగుడ్డ విప్పి సీటు కింద పెట్టుకుని పోయేవాడు. పెళ్లికూతురు ఎక్కగానే వెనక్కి తిరిగి, “సరిగ్గా కూర్చున్నావామ్మా?” అని అడిగేవాడు. కూర్చున్నాను అంటేనే బండి కదిలేది. నన్నూ అలాగే అడిగాడు. వాసనకు పెళ్లివాళ్లు మల్లెపూలు కుక్కేవాళ్లు, సెంటు కొట్టేవాళ్లు. సెంటు రాసిన గొర్రె ఎలా ఉంటుందో అలా ఉండేది.

గొర్రెలను పిలిచినట్టే పిలిచేవాడు దాన్ని. ఎత్తు ఎక్కేటప్పుడు “హోయ్, హోయ్” అనేవాడు. ఇంజిన్ కాగితే బానెట్ మీద అరచెయ్యి పెట్టి, జ్వరం వచ్చిందనేవాడు. జ్వరం ఎప్పుడూ ఉండేది. రేడియేటర్ కారేది, వానకు పైకప్పు కారేది, వైర్లు ఎలుకలు కొరికేవి. పొద్దున సెల్ఫ్ తీసుకోకపోతే ఊళ్లో సగం మంది తొయ్యాలి. ఏ చిన్న సామాను కావాలన్నా బెంగళూరు పాతసామాన్ల అంగళ్లలో రోజంతా వెతకాలి, దొరికితే అది వేరే ఏడాది బండిది అయ్యుండేది. ఒకసారి కృష్ణగిరి రోడ్డులో ముహూర్తానికి పోతూ ఆగిపోతే పెళ్లికొడుకే బాసికం కట్టుకుని వెనక నుంచి తోశాడు. ఏనుగును తేవడం గొప్ప కాదు, మేపడం గొప్ప. అది సంపాదించిందంతా అదే తినేది. మేం రాగి సంగటి తినేవాళ్లం.

అత్త ఆ కాలమంతా ఒక గులాబీ తోటలో కూలికి పోయింది. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు.

మామ ఊరుకున్నాడని కాదు. ఒకసారి తళి పోయి ఆ నల్లచెవుల గొర్రెను తిరిగి ఇమ్మని అడిగాడట. అది ఎప్పుడో ఏదో విందులో పోయింది, దాని పిల్లలు ఏవో ఎవరికీ తెలియదు. ఆయన తిరిగొచ్చే దారిలో సంతలో నల్లచెవులది ఒక పిల్లను కొని ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అత్త దానికి పాలు పట్టింది, చెవులు తిప్పి చూసింది. దీని తల్లి ఎవరో నాకు తెలీదు అంది. మర్నాడు దాన్ని పక్కింటి కెంపమ్మకు ఇచ్చేసింది.

రెండు వేల మూడులో అత్త బట్టలుతికే బండ దగ్గర జారి పడింది. తుంటి విరిగింది. నేను పరిగెత్తి ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాను. మామ దొడ్డిలోకి ఉరికాడు. ఎప్పుడూ మొరాయించే ఆ కారు ఆ రోజు మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది. బండ దాకా తెచ్చి, వెనక తలుపు తెరిచి, సీటు మీద కంబళి పరిచాడు. ఆమె నొప్పికి పళ్లు బిగించి ఉంది. అయినా మాట స్పష్టంగా వచ్చింది.

“ఆటో పిలువు, రంజితా.”

ఇప్పుడు కూడానా అత్తా అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. ఆటో బాగలూరు నుంచి రావాలి. అది వచ్చేదాకా మామ తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంజిన్ ఆడుతూనే ఉంది. ఆటో వచ్చాక నేనూ మా ఆయనా ఆమెను ఎత్తి అందులో పడుకోబెట్టాం. ఆటో కదిలేటప్పుడు చూస్తే మామ కంబళి మడత పెడుతున్నాడు.

ఆ రోజు నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండింది. ఒక గొర్రె కోసం ఇంత మొండితనమా అని ఆమె మీద, ఒక గొర్రెను ఉంచలేకపోయావా అని ఆయన మీద. ఆ మంట కొన్నాళ్లకు చల్లారింది. తర్వాత దాని చోట ఏమీ రాలేదు.

అత్త ఆపరేషన్ చేయించుకుని చేతికర్రతో ఇంటికొచ్చింది. మామ ఆ రోజు తర్వాత కారు తీయలేదు. పెళ్లివాళ్లు వస్తే బండి బాగాలేదని పంపేశాడు. కడగలేదు, తుడవలేదు. ఒక ఫ్యాక్టరీలో గేటు కాపలాకు కుదిరాడు. పోయేవాడు, వచ్చేవాడు. తిన్నావా మామా అంటే తిన్నాననేవాడు, తినకపోయినా. టైర్లు నేలకు అంటుకుపోయాయి. కోళ్లు ముందు సీట్లో గుడ్లు పెట్టాయి. నేను గుడ్లు తీసుకొచ్చి అట్టు పోస్తే అదీ తినేవాడు. కారు పోతే బాధ పడతాడనుకున్న మనిషి అది కళ్లముందే తుప్పు పడుతుంటే బాధ కూడా పడలేదు. అది చూడటం నాకు కష్టంగా ఉండేది, కొన్నాళ్లు.

రెండు వేల ఏడులో మా ఆయన కృష్ణగిరి పాతఇనుము వ్యాపారితో మాట్లాడాడు. మామను అడిగితే “ఊ” అన్నాడు. ఏనుగు బతికినా వెయ్యే చచ్చినా వెయ్యే అంటారు. మా ఏనుగు చచ్చాక వ్యాపారి దాన్ని బక్కమేక కింద కూడా జమకట్టలేదు.

లారీ రేపు వస్తుందనగా సాయంత్రం మామ దొడ్డి దగ్గర నిలబడి ఉన్నాడు. నేను గోడ పక్కన కట్టెలు పేరుస్తున్నాను. అత్త చేతికర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆ దొడ్డిలోకి ఆమె రావడం నేను కాపురానికి వచ్చాక అదే మొదటిసారి చూడటం. కారు చుట్టూ ఒకసారి చూసింది.

“మొత్తం ఇచ్చేస్తాండావా?”

“ఊ” అన్నాడు మామ.

“దొడ్డి ఊడ్చి ఇయ్యొద్దు. ఈ తూరైనా ఒకటి ఉంచుకో.”

అని, వచ్చినట్టే వెళ్లిపోయింది. మామ నన్ను ఇంట్లో నుంచి పానా తెమ్మన్నాడు. నక్షత్రం విప్పుతాడేమో అనుకున్నాను, ఎవరైనా అదే ఉంచుకుంటారు కదా. ఆయన వెనక తలుపు తెరిచి, మోకాళ్ల మీద కూర్చుని, వెనక సీటు బోల్టులు తిప్పడం మొదలుపెట్టాడు. తుప్పుకు రాలేదు. కిరసనాయిలు పోసి, సుత్తితో కొట్టి, చీకటి పడేలోపు విప్పేశాడు.

పొద్దున వ్యాపారి సీటు ఏదని గొణిగాడు. మా ఆయన ఏదో చెప్పి సర్దాడు. కారును తాడు కట్టి లాగారు. వీధి మలుపు దగ్గర చిన్న ఎత్తు ఉంది. అది ఎక్కేటప్పుడు మామ నోటి నుంచి “హోయ్” అని వచ్చింది. అలవాటు కొద్దీ వచ్చినట్టే వచ్చింది. తర్వాత డ్యూటీకి టైమైందని పోయాడు.

సీటు దొడ్డి గోడకు ఆనించి, రేకుల చూరు కింద పడి ఉండేది. దాని మీద ఎవరూ కూర్చోలేదు. మామ కూర్చోలేదు, మమ్మల్ని కూర్చోమనలేదు. కోళ్లను మాత్రం అదిలించేవాడు. రాగి కోత అయింది, చలి వచ్చింది. అనపకాయల కాలంలో ఒక సాయంత్రం నేను వాకిట్లో కూరకు గింజల కోసం కాయలు ఒలుస్తున్నాను. అత్త కర్ర పట్టుకుని నెమ్మదిగా దొడ్డి వైపు నడిచింది. సీటు మీద దుమ్ము కొంగుతో విదిలించి, కర్ర పక్కన పెట్టి, కూర్చుంది.

మామ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చాడు. చూసి వాకిట్లోనే ఆగాడు. ఇన్నేళ్లు ఎదురుచూసింది ఇదే కదా, ఏదైనా అంటాడేమో, కళ్లైనా తడుస్తాయేమో అని చూశాను. ముఖంలో ఏమీ లేదు. టిఫిన్ డబ్బా నాకిచ్చి, కాళ్లు కడుక్కుని, పోయి సీటుకు ఆ చివర కూర్చున్నాడు. మధ్యలో అత్త వక్కాకు సంచి ఉంది.

అత్త అరచేత్తో సీటు రుద్ది చెయ్యి వాసన చూసుకుంది.

“మన గొర్రెల వాసన ఇంగా ఉండాది.”

“ఉండాది” అన్నాడు మామ.

ఇద్దరూ ఎదురుగా ఖాళీ దొడ్డి వైపే చూస్తున్నారు. కాసేపటికి మామ ఆమె వైపు తిరిగాడు.

“సరిగ్గా కూర్చున్నావా?”

అత్త వక్క కొరికి బుగ్గన పెట్టుకుంది.

“కూర్చున్నా. తోలు.”

మామ చేతులు ఒళ్లోనే ఉన్నాయి. నేను అనపకాయలు ఒలుస్తూ ఉండిపోయాను.